వెన్న తీసిన మందు

ఆ సాయంత్రం నేను బర్రెకు దండం పెట్టాను.

తాండూరు బయట బండల గనిలో పని దిగి, గడ్డపారలు భుజాన వేసుకొని నలుగురం ఇంటిదారి పట్టాం. పొద్దు అప్పుడే గుంకింది. ఆకాశంలో ఇంకా వెలుగుంది. మిగతావాళ్లు బీడీలు ముట్టించుకొని, కింద చూడకుండానే నడుస్తున్నారు. నాకు మాత్రం నేలా, గట్టూ, దారీ ఒకటే నల్లటి ముద్ద. ఎదురుగా పెద్ద ఆకారం ఒకటి వచ్చి ఆగింది. మా మేస్త్రీ ఒళ్లున్న మనిషి, నల్ల గొంగడి కప్పుకొని తిరుగుతాడు. ఆయనే అనుకొని, "దండం మేస్త్రీ" అన్నాను.

మేస్త్రీ తోక ఊపాడు.

నవ్వలేక నవ్వలేక ముగ్గురూ గడ్డపారలు కింద పడేశారు. నా జోడీగా బండలు లేపే ఖాజా అయితే దారిలోనే కూలబడ్డాడు. "అరే మొగులప్పా, మేస్త్రీకి తెలిస్తే నిన్ను గనిలనే పాతిపెడ్తడు బై!"

"బర్రెకు తెలిస్తే గంతకన్న ఎక్కువ కోపమైతది" అన్నాడు ఇంకొకడు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే ఖాజా భుజం మీద చెయ్యి వేసి, ఇల్లు వచ్చేదాకా తియ్యలేదు.  నేను వేళాకోళం ఆడలేదు. నిజంగానే అది బర్రె అని నాకు కనబడలేదు.

ఊళ్లో నన్ను పరాచికాల మొగులప్ప అంటారు. బడి నన్ను నాలుగో తరగతిలోనే వదిలించుకుంది. ఉర్దూ పాఠం చెప్పే పంతులు వెనకే నిలబడి ఆయన గొంతుతో మాట్లాడుతుంటే పట్టుబడ్డాను. బయటికి పొమ్మన్నాడు. ఆయన మాట ఇప్పటికీ జవదాటలేదు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కొని నేర్చుకున్నవి, కాబట్టి ఇందులో పెద్ద మాటలు వెతకకండి. ఆసుపత్రిలో విన్న ఇంగ్లీషు మాటలు మాత్రం విన్నవి విన్నట్టే రాస్తున్నాను. రేపు మీ చెవిన పడ్డా అలాగే పడతాయి.

ఇలాంటి మనిషి కన్ను కనబడటం లేదంటే ఎవరు నమ్ముతారు? గుంజకు తల కొట్టుకుంటే నవ్వారు. పేర్చిన బండల మీద పడి మోకాలు చీరుకుపోతే, "ఇయ్యాల కొత్త ఆటనా?" అన్నారు.

అసలు రోగం కంట్లో మొదలవలేదు. నిజాం దొరతనం పోయి కొన్నేళ్లయిన కాలం అది. ఆ ఏడు వానల్లో నా కడుపు చెడి మళ్లీ కుదుటపడలేదు. తెల్లారకముందే చెంబు పట్టుకొని పరుగు, గనిలో పని మధ్యలో మళ్లీ పరుగు. విరేచనం తెల్లగా, జిడ్డుగా, నూనె కలిపినట్టు ఉండేది. ఇది చెప్పడానికి సిగ్గుపడి చాలామంది దాస్తారు. దాచకండి, నా రోగం పేరు తెలిసింది దాన్నిబట్టే. నాలుక పుండై, జొన్నరొట్టెలో పచ్చికారం అద్దుకొని తినేవాణ్ణి ఉప్పు తగిలినా ఓర్చుకోలేకపోయాను. నడుముకు మొలతాడు జారింది. ఒక కొస నేను, ఒక కొస ఖాజా లేపే బండను నేను ఊరికే ముట్టుకొనేవాణ్ణి, బరువంతా ఖాజా మోసేవాడు.

ఇంట్లో దాచుదామని చూశాను. నా భార్య సాయమ్మ దగ్గర అది సాగే పని కాదు.

"ఏందయ్యా, గోడ పట్కొని నడుస్తున్నవ్?"

"పడిపోయేటట్టుంది, ఆపుతున్ననే."

ఆమె దీపం ముట్టించకుండా నా ముందుకొచ్చి చెయ్యెత్తింది. "గివెన్ని వేళ్లు?"

"నీ చేతికి ఎన్నుంటే గన్ని."

"జర సక్కగ చెప్పు."

"మూడు" అన్నాను. గుడ్డిగా అన్నదే. సాయమ్మ చెయ్యి దించింది. పొయ్యి దగ్గరికి పోయి చాలాసేపు ఊదుకుంటూ కూర్చుంది. ఆ పొయ్యి అప్పటికే మండుతోందని నాకు చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. ఆమె ఎత్తింది పిడికిలి.

మర్నాడు నన్ను తాండూరులోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన కనురెప్ప లాగి చూసి, "రేచీకటి. నైట్ బ్లైండ్‌నెస్. విటమిన్ ఏ తక్కువైంది" అన్నాడు. షార్క్ లివర్ ఆయిల్ రాశాడు. సొరచేప కాలేజం నూనె. మేక కాలేజం కూడా తినమన్నాడు. రెండూ చేశాను. ఆ నూనె తాగినవాడి పక్కన పిల్లి తప్ప ఇంకెవరూ కూర్చోరు. ఎంత తాగినా చూపు పెరగలేదు, పైగా చెంబుతో పరుగు ఎక్కువైంది. చలికాలం నడిమికి కళ్లు ఇసుక పోసినట్టు ఎండిపోయాయి. తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు లేచాయి. పొద్దు గుంకకముందే నన్ను చెయ్యి పట్టి ఇంటికి తేవాల్సి వచ్చింది. చీకటి పడ్డాక కనబడకపోతే రాత్రిళ్లు పడుకొని గడుపుకోవచ్చు. పగలు కూడా పోతే బండల గనిలో నాకు పనేముంది? నాకు పని లేకపోతే మా ఇంట్లో పొయ్యి ఎట్లా మండుతుంది? ఈ మాటకు నా దగ్గర పరాచికం దొరకలేదు.

వికారాబాద్‌లో పెద్ద ఆసుపత్రి ఉందని, అక్కడ డాక్టరమ్మ మంచిదని ఖాజా చెప్పాడు. పొద్దుటి ప్యాసింజర్ ఎక్కించి తనే వెంట వచ్చాడు. సాయమ్మ కూడా జొన్నరొట్టెలు కట్టుకొని ఎక్కింది, అవి నాకు పడవని తెలిసి కూడా.

డాక్టరమ్మ కోస్తా మనిషి. నవ్వదు, కసరదు. నా కళ్లు చూసి, నాలుక చూసి, ఆ పైన కడుపు సంగతే గుచ్చి గుచ్చి అడిగింది.

"కంటికోసమొస్తె కడుపు అడుగుతున్రేందమ్మా?" అన్నాను.

"నీ కంటికి రావలసింది కడుపులోనే ఆగిపోయిందయ్యా, అందుకు."

ఆసుపత్రిలో ఉంచి రక్తం తీశారు. స్టూల్ ఎగ్జామినేషన్ అని మలం చిన్న డబ్బాలో పట్టించారు. మైక్రోస్కోపు కింద చూశాక డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి, "ఫ్యాట్ గ్లోబ్యూల్స్ నిండా ఉన్నాయి. ఇది స్ప్రూ. నీ పేగులు నూనెను, కొవ్వును పీల్చుకోవడం లేదు. విటమిన్ ఏ నూనెలోనే కరుగుతుంది, నీళ్లలో కరగదు. నూనె పోతే దానితోపాటు అదీ పోతోంది" అంది.

నాకర్థమైంది నేను చెప్పుకున్నాను. నేను తాగిన సొరచేప నూనె తాండూరులో రైలెక్కి, ఏ స్టేషన్‌లోనూ దిగకుండా చివరిదాకా పోయిందన్నమాట. డాక్టరమ్మ మొదటిసారి పెదవి చివర నవ్వింది.

"అంతే. మీ గనిలో బండను ముక్కలు చేయకుండా బండి ఎక్కిస్తారా? నూనెను కూడా అలాగే సన్నటి చుక్కలు చేసి ఇస్తాం. కంటికి ఒక్కొక్క చుక్క విడిగా కనబడనంత సన్నం. అప్పుడు నీ పేగులకు అందుతుంది. దాన్ని ఎమల్షన్ అంటారు."

పేగులకు ఫోలిక్ యాసిడ్ మాత్రలు, కంటికి ఎమల్షన్. ఇక పథ్యం సంగతి సాయమ్మను పిలిచి చెప్పింది. "నూనె చుక్క ముట్టించవద్దు. తాళింపు వద్దు, నెయ్యి వద్దు. మెత్తటి అన్నం, మగ్గిన అరటిపండు, వెన్న తీసిన మజ్జిగ. వెన్న పూర్తిగా తీయాలి, తెలిసిందా?"

"తెలిసిందమ్మా. ఎన్న రవ్వంత గూడ ఉంచ."

పథ్యం విషయంలో మా ఇంటి ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లలకు తట్టు పోస్తే వీధి వీధంతా తాళింపు మానేసే ఊరు మాది. సాయమ్మ ఒకసారి ఒప్పుకుందంటే యముడొచ్చి పోపు పెట్టమన్నా పెట్టదు.

మందు కలిపే గది వరండా చివర ఉండేది. కాంపౌండర్ తెల్లటి కల్వంలో తుమ్మబంక పొడి వేసి, సొరచేప నూనె పోసి, కాసిన్ని నీళ్లతో గబగబ నూరాడు. నూరుతుంటే చిటచిట చప్పుడొచ్చింది. పసుపుపచ్చటి నూనె చూస్తుండగానే తెల్లగా, చిక్కగా మారింది. సాయమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "సల్ల చిలికినట్టే ఉంది" అంది. అతను సీసాలో పోసి బిరడా బిగించి, "హిలాకే పిలావో. ఊపి తాగించు" అన్నాడు.

తాండూరుకు వచ్చాం. పొద్దున, సాయంత్రం సాయమ్మ తన చేత్తో మందు ఇచ్చేది. సీసా చూరుకింది గూట్లో ఉండేది. ఆ మసక ఇంట్లో నాకు గూడూ కనబడదు, సీసా కనబడదు. ఆమె గాజుల గలగల వినబడేది, కాసేపటికి గిన్నె నా చేతికొచ్చేది. ఆసుపత్రిలో తాగినప్పుడు చేప వాసనకు ముక్కు మూసుకున్నాను. ఇంట్లో అదే మందు పల్చగా, హాయిగా దిగుతోంది. "నీ చేతి మహిమనే" అన్నాను. ఆమె మురిసింది.

ఫోలిక్ యాసిడ్ పనిచేసింది. నాలుక మానింది, చెంబుతో పరుగు తగ్గింది. చూపు మాత్రం రాలేదు. మళ్లీ వికారాబాద్ పోయాం. డాక్టరమ్మ కళ్లు చూసి నొసలు ముడిచింది. "ఎమల్షన్ తాగుతున్నావా?" "తాగుతున్ననమ్మా." "రోజూ?" "పొద్దుమాపు, పూట తప్పకుంట." ఆమె మోతాదు పెంచింది. పెద్ద సీసా ఇచ్చారు.

ఎండలు ముదిరాయి. పెద్ద సీసా సగమైంది. ఎడమ కంట్లో నొప్పి మొదలైంది. వెలుగు పడితే సూది గుచ్చినట్టుండేది. నల్లగుడ్డు మీద మసక కమ్మింది. ఖాజా వచ్చి ఆ కంట్లోకి చూసి ఏదో అనబోయి మింగేశాడు. ఎప్పుడూ నన్ను మించి వాగే మనిషి.  ఆ రోజే రైలెక్కాం.

డాక్టరమ్మ టార్చి వేసి ఎడమ కన్ను చూస్తోంది.  సాయమ్మ పక్కనుంచి తన బాధ చెప్పుకుంది.

"అమ్మా, మీరియ్యాల మందు ఇచ్చేటప్పుడు జర ఎన్న తీసే ఇయ్యిన్రి. మీ సీసల మస్తు ఎన్నున్నది. తీసి తీసి నా చేతులు నొస్తున్నయ్."

టార్చి ఆగింది. "ఏం వెన్న?"

"గదే అమ్మా, మందు మీద తేలే ఎన్న. మీరే జెప్పిన్రు గద, ఎన్న తీసిన సల్లనే పొయ్యాలె అని. కాంపౌండరు సాబ్ ఊపమన్నడు. బాగ ఊపుతున్న. ఊపి జరసేపు పెడితె ఎన్న పైకొస్తది. చెంచతోని మొత్తం తీసి, కింది నీళ్లు పోస్తున్న. రవ్వంత గూడ ఉంచుతలేను."

మా ఇళ్లల్లో చల్ల చిలికే ఏ ఆడమనిషయినా చేసేది అదే. కవ్వం ఆడించేది వెన్న రావడానికే. సీసా ఊపమంటే ఎందుకనుకుంటుంది?

 నాకు అప్పుడు ఒక్కొక్కటిగా అర్థమైంది. ఇంటి మందుకు వాసన ఎందుకు లేదో, మోతాదు పెంచినా ఏమీ ఎందుకు మారలేదో.

"తీసిన వెన్న ఏం చేశావమ్మా?" అడిగింది డాక్టరమ్మ, నెమ్మదిగా.

"చిప్పల వేస్తే పిల్లి నాకిపోతది."

ఆ పిల్లి ఆ వేసవిలో పొట్టేలంత బలిసిందని వీధంతా చెప్పుకున్నారు. నా నోరు ఊరుకోలేదు. "అయితే మందు మంచిదేనమ్మా. పిల్లికి పట్టింది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ నా ఎడమ రెప్ప ఇంకా వేలితో పట్టుకొనే ఉంది. "కార్నియా మెత్తబడింది. అల్సర్ పడింది" అంది నర్సుతో. ఆ తర్వాత నాతో, "ఈ కన్ను గురించి నేను మాట ఇవ్వలేను. కుడి కన్ను కోసం ఈ నిమిషం నుంచి పోరాడుదాం" అంది.

సాయమ్మ అప్పుడు గానీ గ్రహించలేదు. గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది. "నేనే పొడిచిన్నా అమ్మా ఈయన కన్ను?"

డాక్టరమ్మ లేచి ఆమె ముందు నేల మీద కూర్చుంది. అంత పెద్ద డాక్టరు నేల మీద కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. "వెన్న తీయమని చెప్పింది నేను. ఈ తెల్లటిది మజ్జిగ కాదని, ఆ వెన్నే మందని చెప్పనిదీ నేనే. నువ్వు నా మాట తు.చ. తప్పకుండా విన్నావు. నేను సగం చెప్పాను."

"మరి నూనె ఒద్దంటిరి, గిది నూనెనే అంటిరి" సాయమ్మ వెక్కుతూ అడిగింది.

"వంట నూనె వద్దు, నీ మొగుడి పేగులు దాన్ని మోయలేవు. ఇది కొంచెమే, సన్నటి చుక్కలుగా చేసినది. పైకి తేలితే మళ్లీ నీళ్లలో కలిసేట్టు ఊపాలి. ఊపిన వెంటనే, తేలకముందే తాగించాలి. అందుకే ఊపమన్నది."

ఆసుపత్రిలోనే ఉంచారు. నర్సు నా కళ్లెదుటే సీసా ఊపి, ఊపిన చేత్తోనే నోట్లో పోసేది. చేప వాసన గుప్పుమనేది. ఆ వాసనను నేను ఇష్టపడటం నేర్చుకున్నాను. కట్టు కట్టిన ఎడమ కన్ను చాలా రోజులు సలిపింది. సాయమ్మ సరిగా తినడం మానేసింది. తను కూడా నూనె లేని అన్నమే తింటానని పట్టుబట్టింది. పక్క మంచం ఆవిడ పచ్చడి పెడితే ముట్టలేదు.

"నువ్వెందుకే ఉపాసం? నీ పేగులు సక్కగనే ఉన్నయ్ గద."

"నా బుద్ధి సక్కగ లేకపాయె."

"నీ బుద్ధికి పథ్యం అక్కర్లేదు. తిను. నన్ను ఇంటికి పట్కపొయ్యేతందుకు ఒకరికన్న బలముండాలె."

తిట్టుకుంటూ తింది.

ఒక సాయంత్రం వరండాలో కూర్చోబెట్టారు. దీపాలు ఇంకా పెట్టలేదు. కాంపౌండర్ గది ముందు ఎవరో తెల్లచీర మనిషి నిలబడి ఉంది. ఆకారం కాదు, మనిషి. చీర అంచు నీలం అని కూడా తెలిసింది. నేను నోరు మూసుకొని ఆ అంచునే చూస్తూ కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఏడ్చాను. నర్సు వచ్చి నొప్పా అని అడిగితే, కాదని తల ఊపాను.

కుడి కన్ను నిలిచింది. ఎడమ కంట్లో పుండు మాని, మచ్చ మిగిలింది. స్కార్ అన్నారు, మా ఊళ్లో పువ్వు పడిందంటారు. దానితో నాకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. "ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే" అని డాక్టరమ్మ మొదలుపెట్టి ఆపేసింది. నేనూ ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు. ఇన్నేళ్లయినా కొన్ని రోజులు అది దానంతట అదే వచ్చి మధ్యలో ఆగుతుంది.

బండలు మోసే పని మళ్లీ చేయలేకపోయాను. ఒంటి కంటితో దూరం అంచనా కట్టడం కష్టం. జోడీవాడి కాలి మీద వేస్తానని భయం. ఇప్పుడు బండను సుత్తెతో తట్టి, మోగే చప్పుడునుబట్టి లోపల చీలిక ఉందో లేదో చెప్పే పని ఇచ్చారు. చెవులు బాగానే ఉన్నాయి. పథ్యం చాలావరకు సడలింది, మాత్రలు మాత్రం మధ్య మధ్య మింగుతుంటాను. ఖాజా ఇప్పటికీ దారిలో బర్రె కనబడితే, "మేస్త్రీ వస్తుండు" అంటాడు. ఆ పిల్లి ఈమధ్యనే ముసలిదై చచ్చిపోయింది. సాయమ్మ ఆ తర్వాత దానికి ఎప్పుడూ మనసారా అన్నం పెట్టలేదు, తరిమేయనూ లేదు.

నాలాంటి రోగంతో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మళ్లీ డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మందు సీసా, గిన్నె, చెంచా వెంట తీసుకుపొండి. ఇంట్లో మందు ఇచ్చే మనిషినే తీసుకుపొండి. రోజూ ఎలా ఇస్తారో అలాగే ఆ డాక్టరు కళ్లముందు ఒక్కసారి చేసి చూపించమనండి. తాగుతున్నావా అని వాళ్లు అడుగుతారు, తాగుతున్నా అని మనం అంటాం. అందులో ఎవరూ అబద్ధమాడరు, అయినా కన్ను పోతుంది.

పొద్దు గుంకే వేళకు సాయమ్మ ఇప్పటికీ దీపం ముట్టించదు. ముందు నా దగ్గరికి వచ్చి చెయ్యెత్తుతుంది. వీధిలో ఎవరేమడిగినా వంకరగానే జవాబు చెప్తాను. ఆ వేళ మాత్రం కుడి కన్ను చిట్లించి, ఉన్నవి ఉన్నట్టు చెప్తాను. నిన్న రెండు. ఇవ్వాళ పిడికిలి.

అప్పుడు పోయి దీపం పెడుతుంది.